చెవిలో చెప్పిన పాఠం

జనవరి 8, బుధవారం

గొంతు డాక్టరు ఇవాళ నా నోటికి తాళం వేశాడు. ఇంట్లో అవసరమైతే తప్ప మాట్లాడకూడదట, ఫోన్లో కబుర్లు కూడదట, టీవీలో వార్తలు చదివేవాళ్ళతో వాదించకూడదట. ఆ చివరిది మా ఆయన పక్కనుంచి అందించాడు. డాక్టరు నవ్వి, అది కూడా మానేయమన్నాడు. మరీ మాట్లాడాలనిపిస్తే రాసుకోమన్నాడు. అందుకే ఈ డైరీ. ఇది ఎవరూ చదవడానికి కాదు. లోపల కుక్కుకున్న మాటలు ఎక్కడో ఒకచోట పారబోసుకోవాలి కదా.

గుసగుసలు కూడా వద్దన్నాడు. అరుపుల కంటే గుసగుసలకే గొంతు ఎక్కువ పాడవుతుందట.

"ఇప్పుడు మీరు పాఠాలు చెప్పట్లేదు కదండీ?" అని అడిగాడు.

"లేదండీ. కొత్త టీచర్లకి సాయం చేస్తుంటా. కోచ్‌ని."

"అయితే ఇబ్బంది లేదు."

నేను తలూపాను. నా ఇప్పటి ఉద్యోగమే గుసగుసలాడడమని ఆయనకు చెప్పలేదు. చెప్తే అదీ మాన్పించేస్తాడు. క్లాసు ఎలాగూ పోయింది. వెనక బెంచీలకు వినబడడం లేదని పిల్లల తల్లులు ఫిర్యాదు చేస్తే, మా స్కూలువాళ్ళు ఒక పూలగుత్తి చేతిలో పెట్టి సాగనంపారు. ఇక ఈ తిరుగుడు ఉద్యోగం కూడా పోతే ఇంట్లో కూర్చుని మా ఆయన గురక లెక్కపెట్టుకోవాలి.

జనవరి 20, సోమవారం

కొత్త స్కూలు. మూడంతస్తులు, లిఫ్టు లేదు, నాకు ఇచ్చింది పై అంతస్తులోని ఏడో తరగతి. మెట్లన్నీ ఫినాయిలు వాసన. పైకి చేరేసరికి ప్రాణం కడబట్టింది.

లెక్కల టీచరు పాతికేళ్ళ అమ్మాయి. పిల్లలు ఆమెకు 'మెల్లగా మిస్' అని పేరు పెట్టుకున్నారు. గోల మొదలైనప్పుడల్లా రెండు చేతులూ కిందికి ఊపుతూ "మెల్లగా, మెల్లగా" అంటుంది. పిల్లలు ఆ మాట వినబడగానే ఇంకాస్త గట్టిగా అరుస్తారు. బోర్డు మీద రాస్తుంటే రాసినదంతా ఆమె వీపు వెనకే ఉండిపోతుంది. ప్రశ్న అడిగి, ఎవరూ నోరు తెరవకముందే జవాబు తనే చెప్పేస్తుంది. చివర్న "అర్థమైందా?" అంటే అందరూ "అయిందీ" అని రాగం తీశారు. ఏమీ అర్థం కానివాళ్ళే అంత బాగా పాడతారు.

తర్వాత స్టాఫ్ రూములో, నీళ్ళ ఫిల్టరు పక్కనున్న బల్ల దగ్గర కూర్చున్నాం.

"ఎలా ఉంది మేడమ్? నిజం చెప్పండి."

ముందు మనం చెప్పకూడదు, వాళ్ళ చేతే చెప్పించాలి. అది మా పనిలో మొదటి నియమం. "నీకెలా అనిపించింది?" అన్నాను.

"మునిగిపోతున్నట్టుంది," అంది. తర్వాత టీ కప్పులోకి చూస్తూ చెప్పింది. "ఇది నాకు రెండో స్కూలు మేడమ్. మొదటివాళ్ళు ఏడాది తిరక్కుండానే పంపించేశారు. మార్చిలో పెద్ద మేడమ్ వచ్చి నా పాఠం చూస్తారు. ఉంచాలా పంపాలా అన్నది అప్పుడు తేలుస్తారు. ఇక్కడ కూడా కాదంటే, మా అన్నయ్య చెప్పుల షాపులో కౌంటర్ దగ్గర కూర్చోమంటున్నాడు. వాడు నాకోసం కుర్చీ కూడా కొని పెట్టాడు."

నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఈ పిల్ల నిలబడాలి అనిపించింది.

జనవరి 21

మా ఇన్‌చార్జి పంపిన ఇయర్‌ఫోన్ ఆమెకు ఇచ్చాను. చిక్కుడు గింజంత ఉంది. నేను వెనక బెంచీలో కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఫోన్లో చెప్తే ఆమె చెవిలో వినబడుతుంది. పిల్లలకు వినబడదు. ఒకసారికి మూడు నాలుగు మాటలకు మించి చెప్పకూడదు. వారం వారం తగ్గించుకుంటూ రావాలి, చివరికి దాన్ని తీసేయాలి. ఇన్‌చార్జి ఈ ముక్క ఇప్పటికే పదిసార్లు చెప్పాడు. చిన్నపిల్లకు సైకిలు నేర్పుతూ వెనక నుంచి చెయ్యి వదిలేసినట్టు, అంటాడు. వాడికి పిల్లలు లేరు.

పెద్ద మేడమ్‌కు కూడా ఇదంతా చెప్పి, సరేననిపించుకున్నాం.

"పక్కకి జరుగు," అన్నాను. జరిగింది. బోర్డు కనబడింది.

"ఇప్పుడు ఆగు," అన్నాను. ఆగింది. పిల్లలకు ఏం చేయాలో తోచక వాళ్ళూ ఆగారు.

"కిటికీ పక్క అమ్మాయిని అడుగు." అడిగింది. చేతికి పిండికట్టు వేసుకున్న ఆ పిల్ల జవాబు చెప్పింది. సరైన జవాబు.

గంట కొట్టాక మెల్లగా మిస్ నా దగ్గరికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. నాకు అరచేతులు చెమటపట్టి ఉన్నాయి. పాఠం చెప్పిన రోజుల్లో కూడా ఇలాగే పట్టేవి.

జనవరి 27, సోమవారం

ఇవాళ మూడు నాలుగు మాటల నియమం కాస్త సడలించాను. కాస్తే. ఆమె ఒక చోట చిక్కుకుపోతే మొత్తం వాక్యం చెప్పాల్సి వచ్చింది. మునిగేవాళ్ళకు ఈత సూత్రాలు చెప్తూ కూర్చుంటామా?

జనవరి 28

గొంతు మంట. వేడినీళ్ళు.

జనవరి 29, బుధవారం

మా ఆయన ఆమ్లెట్ వేస్తున్నాడు. నేను మాట్లాడకూడదు కాబట్టి బల్ల దగ్గర కూర్చుని చూస్తున్నాను. మంట ఎక్కువైంది. గరిటెతో బల్ల మీద కొట్టి, వేలు కిందికి చూపించాను. తగ్గించాడు. తిప్పబోతుంటే మళ్ళీ కొట్టి, ఆగమన్నాను. ఆగాడు. ఇప్పుడు తిప్పమన్నాను. తిప్పాడు. ఒక ముక్క విరిగి పొయ్యిలో పడింది.

"చూశావా, నా పాటికి నన్ను వదిలేస్తే విరిగేది కాదు," అన్నాడు.

వదిలేస్తే మాడేది అని కాగితం మీద రాసి చూపించాను.

"మాడితే మాడేది. నా ఆమ్లెట్టు మాడేది," అన్నాడు. "డాక్టరు నీ నోటికి తాళం వేస్తే చేతులకి మాటలొచ్చాయి."

ఈయనతో ఎప్పుడూ ఇంతే. ప్రతిదానికీ వేళాకోళం.

ఫిబ్రవరి 5, బుధవారం

రుణ సంఖ్యలు మొదలుపెట్టాం. ఆ పాఠం నాకు కొట్టినపిండి. నా లిఫ్టు ఉదాహరణ ఆమె చెవిలో చెప్పాను. పెద్ద భవనం, నేల మట్టం సున్నా, పైకి అంతస్తులు, కిందికి కార్లు నిలిపే అంతస్తులు. మూడో అంతస్తులో ఎక్కి ఐదు అంతస్తులు దిగితే ఎక్కడ తేలతాం? కార్లు లేనివాళ్ళకు అక్కడేం పనని అడక్కండి. ఈ చివరి మాట దగ్గర నేను ఎప్పుడూ ఒక్క క్షణం ఆగి కళ్ళజోడు మీదనుంచి చూసేదాన్ని. ఆమెకు కళ్ళజోడు లేదు. అయినా తల అలాగే వంచి చూసింది. నేను చెప్పకపోయినా.

తరగతి మొత్తం ఘొల్లుమంది. ఎన్నాళ్ళకు విన్నాను ఆ నవ్వు! వెనక బెంచీలో కూర్చుని నేనూ నవ్వాను. నా పక్కనున్న కుర్రాడు వింతగా చూశాడు.

పెద్ద మేడమ్ మెట్ల దగ్గర ఎదురై, "ఏం మాయ చేశారు మేడమ్? ఆ క్లాసులోంచి గోల బదులు నవ్వులు వినిపిస్తున్నాయి," అంది.

"అంతా ఆ అమ్మాయి కష్టమేనండీ," అన్నాను. అలాగే అనాలి. నిజం కూడాను.

ఫిబ్రవరి 7

ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. తగ్గిస్తున్నారా అని. తగ్గిస్తున్నానని చెప్పాను. వచ్చే వారం నుంచి నిజంగానే తగ్గిస్తాను.

ఫిబ్రవరి 12

"మేడమ్, ఒకటి చెప్తే నవ్వుతారు," అంది ఇవాళ. "ఆదివారం అన్నయ్య షాపులో ఉన్నా. ఎవరో వచ్చి, ఈ చెప్పు కరుస్తుందా అని అడిగారు. నేను జవాబు చెప్పకుండా అలా నిలబడిపోయా. మీరేం చెప్తారోనని."

ఇద్దరం నవ్వుకున్నాం. నేనే ఎక్కువ నవ్వాను.

ఫిబ్రవరి 19, బుధవారం

నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళడం వల్ల స్కూలుకు పోలేదు. గొంతు ఏమాత్రం మెరుగుపడలేదని ఆయన ఆశ్చర్యపోయాడు. నేనూ ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాను.

నిన్నటి పీరియడ్ ఎలా జరిగిందని అడిగితే "బాగానే" అంది, సంచీలో ఏదో వెతుక్కుంటూ. పక్క తరగతి టీచరు మాత్రం, గోల గోడ దాటి వచ్చిందని చెప్పింది. పిల్లలకు ఆటల పోటీలున్నాయట. అందుకే అయి ఉంటుంది.

ఫిబ్రవరి 26, బుధవారం

వచ్చే బుధవారమే పెద్ద మేడమ్ చూడబోయే పాఠం. ఆ రోజు ఇయర్‌ఫోన్ ఉండకూడదు. అది ముందే అనుకున్నది.

"ఆ ఒక్క రోజు పెట్టుకుంటా మేడమ్," అంది. స్టాఫ్ రూములో మేమిద్దరమే ఉన్నాం. "జుట్టు వదులుకుంటే చెవి కనపడదు. మీరు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంటే చాలు. జలుబనుకుంటారు."

"అది మోసం," అన్నాను.

"నాకు తెలుసు. అయినా అడుగుతున్నా."

కుదరదని గట్టిగా చెప్పాను. నాకు గర్వంగానే ఉంది. దానికి బదులు పాఠమంతా మొదటి మాట నుంచి చివరి మాట దాకా రాసి ఇచ్చాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో, ఎవరిని ఏం అడగాలో, వాళ్ళు ఏం చెప్తారో, దానికి ఏం చెప్పాలో. మూడు సాయంత్రాలు ఖాళీ తరగతిలో అప్పజెప్పించుకోబోతున్నాను. ఇది మోసం కాదు. దీన్ని తయారీ అంటారు.

మార్చి 3

రెండోసారి అప్పజెప్పింది. ఒక్క మాట పొల్లుపోలేదు. నా దగ్గు తప్ప అన్నీ దించేసింది.

మార్చి 5, బుధవారం

రాయాలని లేదు. కానీ ఎవరితో అనను?

పెద్ద మేడమ్ తలుపు పక్క కుర్చీలో. నేను వెనక బెంచీలో, ఖాళీ చేతులతో. ఫోను కూడా కావాలనే స్టాఫ్ రూములో వదిలి వచ్చాను. ఆ అమ్మాయి జుట్టు వెనక్కి లాగి గట్టిగా ముడి వేసుకుంది. చెవులు రెండూ కనబడేలా. నాకోసమే అలా వేసుకున్నట్టుంది.

సగం పీరియడ్ దాకా నేను ఇంతకంటే బాగా చెప్పి ఉండను. లిఫ్టు ఎక్కింది, దిగింది. నవ్వాల్సిన చోట నవ్వారు. పెద్ద మేడమ్ కూడా నవ్వింది. అప్పుడు పిండికట్టు పిల్ల చెయ్యెత్తింది.

"మిస్, ఎక్కడమంటే ప్లస్సు, దిగడమంటే మైనస్సు అన్నారు కదా. ఈ లెక్కలో రెండులోంచి మైనస్ మూడు తీసెయ్యమన్నారు. దిగడాన్ని తీసెయ్యడమంటే ఏంటి మిస్? అసలు లిఫ్టే ఎక్కకపోవడమా?"

అందరూ నవ్వారు. వెక్కిరింపు కాదు, ప్రశ్న అంత బాగుంది. ఆ అమ్మాయి కూడా నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. నేను రాసి ఇచ్చిన దాంట్లో ఈ ప్రశ్న లేదు.

ఆమె కుడి చెయ్యి మెల్లగా లేచి చెవి దగ్గరికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. కళ్ళు నా మీద.

పిల్లలు ఆమె చూపు వెంట వెనక్కి తిరిగారు. ఒకరిద్దరు కాదు, తరగతి మొత్తం. ఆ పిండికట్టు పిల్లయితే ఎంతో మామూలుగా, "పోనీ మేడమ్, మీరు చెప్పండి," అంది.

వాళ్ళకు మొదటి రోజు నుంచే తెలుసు అన్నమాట. జవాబు నా నాలుక చివర ఉంది. తల దించుకుని సంచీ జిప్పు వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. గంట కొట్టేదాకా ఆ అమ్మాయి బోర్డు మీద ఉన్నదే మళ్ళీ మళ్ళీ చదివింది.

మార్చి 6

పెద్ద మేడమ్ గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"సగం పాఠం అద్భుతం మేడమ్. కానీ నేను చూసింది ఆ అమ్మాయిని కాదు, మిమ్మల్ని," అంది. "పిల్లలందరూ వెనక్కి తిరిగారు చూశారా? పాఠం ఎక్కణ్ణుంచి వస్తుందో వాళ్ళకి తెలుసు."

నేను కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నాను.

"ఆ అమ్మాయిని ఉంచలేను. పిల్లల ఏడాది పాడవుతుంది. ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు. ఆ క్లాసు మీరే తీసుకోకూడదూ?"

"నా గొంతు..."

"మెడలో మైకు వేసుకోండి. గోడకి చిన్న స్పీకరు పెట్టిస్తా. గుక్క తిప్పుకోకుండా అరవాల్సిన రోజులు పోయాయి మేడమ్."

పాత స్కూల్లో ఒక్కరికీ ఈ మాట తోచలేదు. పూలగుత్తి కొనడం తోచింది.

ఆలోచించి చెప్తానన్నాను.

మార్చి 7

మా ఆయనకు చెప్పలేదు. బజారుకు వెళ్ళి, మెడలో వేసుకునే మైకు బరువుంటుందా అని అడిగాను. ఊరికే. బరువేమీ లేదు.

మార్చి 10, సోమవారం

నాలుగు రోజులు ఆలోచించి వెళ్ళి పెద్ద మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. మూడు నాలుగు మాటలు చెప్పాల్సిన చోట పాఠాలకు పాఠాలు చెప్పానని, తగ్గించాల్సింది పోయి పెంచానని. ఆ అమ్మాయి చేతగాక ఆగిపోలేదు, నేను ఆమెను ఆలోచించనివ్వలేదు. తప్పు నాదైతే శిక్ష ఆమెకు పడకూడదని, ఇంకొక్క పాఠం చూడమని అడిగాను.

ఆమె చాలాసేపు పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉంది.

"సరే. ఈ నెలాఖర్లో చూస్తా. అప్పుడు కూడా కుదరకపోతే నేనన్న మాట మీకు గుర్తుంటుందిగా?"

"ఉంటుందండీ," అన్నాను.

లేదండీ, నాకొద్దు అని ఎందుకు అనలేదు? మర్యాదకోసం అనలేదు. అంతే.

మార్చి 11

ఆ అమ్మాయికి చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. స్టాఫ్ రూము కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

"మీరు రాకుండా ఉంటే చేస్తా మేడమ్."

"పాఠం రోజునా?"

"ఈ రెండు వారాలూ. కోపం తెచ్చుకోకండి. మీరుంటే నా కళ్ళు మీ దగ్గరికే వచ్చేస్తాయి."

"అందులో కోపమేముంది, అదే మంచిది," అన్నాను. ఇయర్‌ఫోన్ నా చేతిలో పెట్టింది.

బస్సులో వస్తూ ఏడుపొచ్చింది. నేను తప్పంతా నెత్తిన వేసుకుని బతిమాలకపోతే ఈపాటికి చెప్పుల షాపులో ఉండేది. అది దానికి తెలియదు. తెలిసినా ఇలాగే అనేదేమో.

మార్చి 14

ఆ క్లాసు నాకు ఇస్తామన్నారని ఆమెకు చెప్పాలి. చెప్పకుండా ఉండడం బాగోదు.

చెప్పలేదు.

మార్చి 18, మంగళవారం

సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, రావొద్దని చెప్పి మళ్ళీ నేనే విసిగిస్తున్నా. ఒక్కటే అడుగుతా. ఆ పిల్ల అడిగిన ప్రశ్న గురించి."

"చెప్పు."

"నిన్న క్లాసులో రెండు జట్లు చేసి క్విజ్ ఆడించా. తప్పు చెప్తే మైనస్ రెండు. ఒక జట్టుకి పొరపాటున మైనస్ రెండు వేశా. వాళ్ళు పెద్ద గొడవ. సరే అని ఆ మైనస్ రెండు తీసేశా. తీసేస్తే వాళ్ళ స్కోరు పెరిగింది మేడమ్! నేనేమీ కలపలేదు. తీసేశానంతే. మైనస్‌ని తీసెయ్యడమంటే కలిపినట్టే కదా. లిఫ్టు వదిలేసి ఇదే చెప్దామనుకుంటున్నా. ఇది కరెక్టేనా? ఎక్కడైనా తప్పుందా?"

తప్పెక్కడా లేదు. నా లిఫ్టు కంటే మెరుగు. ఇన్నేళ్ళు ఆ పాఠం చెప్పినా నాకు ఇది తట్టలేదు. అవును అని ఒక్క మాట అంటే చాలు.

"నువ్వేమనుకుంటున్నావ్?" అన్నాను.

"నాకైతే కరెక్టే అనిపిస్తోంది. కానీ నాకు అనిపించినవన్నీ కరెక్టయితే ఇక్కడిదాకా ఎందుకొస్తా?"

"ఆలోచించుకో. నువ్వే తేల్చుకోవాలి."

"అలాగే మేడమ్," అంది చిన్నగా. ఫోన్ పెట్టేసింది.

జవాబు చెప్పేయకుండా వాళ్ళ చేతే ఆలోచింపజేయాలి. మా పనిలో మొదటి నియమం అదే. ఇన్నాళ్ళకు దాన్ని సరిగ్గా పాటించాను.

మా ఆయన మడత సగం వేసిన దుప్పటి పట్టుకుని నన్నే చూస్తున్నాడు. "ఆ పిల్ల అడిగింది తప్పా?" అన్నాడు.

కాదు అన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"మరి చెప్పొచ్చుగా."

మీకు తెలియదు, ఇది పద్ధతి, అన్నాను. పైకే అన్నాను, డాక్టరు మాట పక్కనపెట్టి.

మార్చి 20

ఆమె మళ్ళీ ఫోన్ చేస్తే చెప్పేద్దామనుకున్నాను. చేయలేదు. నేనూ చేయలేదు.

మార్చి 21

ఏడో తరగతి పుస్తకం తిరగేశాను. రుణ సంఖ్యల తర్వాత భిన్నాలు. భిన్నాలు నాకు ఇంకా ఇష్టం. మొదటి రోజు ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూ కూర్చుంటే టీ చల్లారిపోయింది.

మార్చి 26, బుధవారం

ఇవాళే ఆ రెండో పాఠం. నేను వెళ్ళకూడదు. ఇల్లంతా తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను. మా ఆయన, "నేలకి కూడా నీ సలహాలు అక్కర్లేదు, కూర్చో," అన్నాడు.

మధ్యాహ్నం పెద్ద మేడమ్ ఫోన్ చేసింది.

"ఏం చెప్పను మేడమ్! గొప్ప పాఠం కాదు. గోల గోలగా ఉంది. క్విజ్ ఆడించింది, బోర్డు మీద కూడిక తప్పేసింది. పిల్లలే పట్టుకున్నారు. 'అయ్యో, నాకే మైనస్ వెయ్యండి' అని నవ్వి, చెరిపి మళ్ళీ రాసింది. ఆ రోజు ప్రశ్న అడిగిన పిల్ల ఒప్పుకోలేదు. ఇద్దరూ బోర్డు దగ్గర నిలబడి వాదించుకున్నారు. చివరికి ఆ పిల్లే మిగతావాళ్ళకి చెప్పింది. ఒక్కళ్ళు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఉంచుతున్నా మేడమ్."

"చాలా సంతోషమండీ," అన్నాను.

"ఆ క్విజ్ ఉదాహరణ మేడమ్ చెప్పారా అని అడిగా. లేదంది. మిమ్మల్ని అడిగితే మీరు చెప్పలేదట, ఆలోచించుకోమన్నారట. కోచ్ అంటే అలా ఉండాలి మేడమ్. మిగతా టీచర్లకి కూడా ఈ మాటే చెప్పా."

ఫోన్ పెట్టేశాక వంటగదిలోకి వెళ్ళి ఏడ్చాను. మా ఆయన వచ్చి, ఏమైందన్నాడు. ఆ అమ్మాయి గట్టెక్కింది, సంతోషంతో అన్నాను. ఆయన నమ్మాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "అబ్బ, మొత్తానికి సాధించావోయ్," అన్నాడు.

సంతోషం కాదు. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఈ డైరీ ఎందుకు? ఆ క్లాసు నాకు కావాలి. ఆ నవ్వు నాకు కావాలి. ఆమె బోర్డు దగ్గర మళ్ళీ తెల్లమొహం వేస్తే ఆ సుద్దముక్క నా చేతికి వస్తుందని నాకు తెలుసు. పద్ధతి కోసం ఊరుకున్నానని రాసుకున్నాను కానీ, అవును అనే ఒక్క మాట నేను మింగేసింది అందుకే. చేజేతులా ఆ పిల్లను నీళ్ళలో వదిలి, ఒడ్డున కూర్చుని మునుగుతుందేమోనని చూశాను.

మార్చి 27, గురువారం

కాగితాల మీద సంతకాలకని స్కూలుకు వెళ్ళాను. మెట్ల మీద ఆ అమ్మాయి ఎదురైంది. చుట్టూ పిల్లలు, చేతి నిండా సుద్దపొడి. నన్ను చూడగానే పిల్లల్ని పంపేసి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ రోజు మీరు చెప్పకపోతే నాకు చాలా కోపం వచ్చింది మేడమ్. ఫోన్ పెట్టేసి ఏడ్చా కూడా. అన్నయ్య కుర్చీలో నన్ను నేను చూసేసుకున్నా. తర్వాత అదే ప్రశ్న కాగితం మీద పది రకాలుగా రాసి చూసుకున్నా. ఎవరూ చెప్పకుండా నాకు నేనే కరెక్టు అనుకోవడం అదే మొదటిసారి. మీరు అవునని ఉంటే మళ్ళీ మీ మాటే చెప్పేదాన్ని. మీకెలా తెలిసింది మేడమ్, అప్పుడు ఊరుకోవాలని?"

ఇన్ని వారాలు ఆమె మేలు కోరి గొంతు చించుకున్నాను. ఆమెను పాడుచేశాను. ఒక్కసారి ఆమె చెడాలని కోరుకుని నోరు మూసుకున్నాను. అది ఆమెకు పనికొచ్చింది.

"అనుభవమమ్మా," అన్నాను.

ఆమె కళ్ళు చెమర్చాయి. గంట కొట్టారు. నా చేతులు వదిలి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ తన క్లాసుకు వెళ్ళిపోయింది.